నల్లా నీళ్లు వెనక్కి కూడా పారతాయి: మీ మోటారు, మీ సంపు, పక్కింటి వాళ్ల తాగునీరు

వీధి పైపులో నీళ్లు ఒకే దిక్కుకు పోతాయని మనం అనుకుంటాం. రిజర్వాయర్ నుంచి వీధికి, వీధి నుంచి మన గేటు లోపలికి. నల్లా అనండి, కుళాయి అనండి, తిప్పితే నీళ్లు మన వైపే వస్తాయి కాబట్టి వేరే అనుమానం రాదు. కానీ పైపుకు దిక్కు తెలియదు. ఒత్తిడి ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి పోవడం ఒక్కటే నీళ్లకు తెలిసింది.

మామూలు వేళల్లో వీధి పైపులో ఒత్తిడి ఎక్కువ, మీ ఇంట్లో తక్కువ. అందుకే నీళ్లు మీ ఇంటికొస్తాయి. ఈ లెక్క ఓ పది నిమిషాలు తారుమారైతే చాలు. బకెట్లోని సబ్బు నీళ్లు, సంపు అడుగున పేరుకున్న బురద, కారు కడిగి కింద పడేసిన గొట్టం చుట్టూ నిలిచిన మడుగు, ఏది పైపు మూతికి అందితే అది వీధి లైనులోకి వెళ్లిపోతుంది. మళ్లీ సరఫరా మొదలవగానే ఆ మురికి చేరేది ముఖ్యంగా లైనులో మీ తర్వాత ఉన్న ఇళ్లకు.

దీన్ని ఇంజినీర్లు బ్యాక్‌ఫ్లో అంటారు. కృష్ణా, గోదావరి నీళ్లను వందకు పైగా కిలోమీటర్లు పైపుల్లో హైదరాబాద్‌కు తెచ్చి, వడగట్టి, క్లోరిన్ కలిపి వదులుతున్నారు. అంత దూరం భద్రంగా వచ్చిన నీళ్లు చివరి వంద మీటర్లలో పాడయ్యే ప్రమాదం ఉంది. అక్కడ జలమండలికో, మున్సిపాలిటీకో ఉన్న పట్టు తక్కువ. మీకూ, మీ ప్లంబర్‌కూ ఉన్న పట్టు ఎక్కువ. పట్టణ తాగునీటి భద్రత గురించి మాట్లాడేటప్పుడు శుద్ధి కేంద్రాల గురించి చెప్పుకున్నంతగా ఈ చివరి ముక్క గురించి చెప్పుకోం.

లాగడం ఒకటి, నెట్టడం ఒకటి

నీళ్లు వెనక్కి పోవడానికి రెండు కారణాలు. మొదటిది, వీధి పైపులో ఒత్తిడి పడిపోయి అది మీ ఇంటి వైపు నుంచి నీళ్లను లాగడం. స్ట్రాతో కొబ్బరి నీళ్లు తాగినట్టే. స్ట్రా అవతలి కొస ఎందులో మునిగి ఉంటే అదే నోట్లోకి వస్తుంది.

దీనికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ అమెరికాలో ఓ ఫుట్‌బాల్ జట్టుది. 1969 ఆగస్టు చివర్లో మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్ నగరంలో ఒక ఇంటికి నిప్పంటుకుంది. అగ్నిమాపక సిబ్బంది వీధి లైను నుంచి భారీగా నీళ్లు తోడారు. దాంతో ఆ ప్రాంతమంతా పైపుల్లో ఒత్తిడి పడిపోయింది. దగ్గర్లోని హోలీ క్రాస్ కాలేజీ ప్రాక్టీస్ మైదానంలో పచ్చికకు నీళ్లు పెట్టడానికి నేలలోకి దింపిన కుళాయి గుంతలున్నాయి. ఆ గుంతల్లో చుట్టుపక్కల పిల్లలు ఆడుకునేవాళ్లు. వాళ్లలో కొందరికి హెపటైటిస్-ఎ ఉంది. ఒత్తిడి పడిపోగానే గుంతల్లోని మురికి నీళ్లను పైపు లోపలికి లాగేసుకుంది. అదే లైను చివర ఉన్న కుళాయి దగ్గర జట్టు నీళ్లు తాగింది. ఆటగాళ్లు, కోచ్‌లు కలిపి 97 మందిలో 90 మందికి వైరస్ సోకింది. రెండు మ్యాచ్‌లాడి ఆ ఏడాది సీజన్ మొత్తం రద్దు చేసుకున్నారు. వూస్టర్ నీటి శుద్ధిలో ఏ లోపమూ లేదు. ఉన్నదల్లా ఒక గుంత, అందులో మునిగిన ఒక కుళాయి, కాసేపు పడిపోయిన ఒత్తిడి.

ఆ గుంతను గుర్తుపెట్టుకోండి. మన వీధుల్లో దాని గురించి మళ్లీ మాట్లాడుకోవాలి.

రెండో కారణం నెట్టడం. మీది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ అనుకోండి. పైన ట్యాంకు నేల నుంచి దాదాపు 18 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అందులోని నీళ్లకు అంత ఎత్తు ఒత్తిడి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపీహెచ్‌ఈఈఓ 1999 మాన్యువల్ ప్రకారం ఒక అంతస్తు ఇళ్లున్న చోట వీధి లైనులో ఉండాల్సిన కనీస ఒత్తిడి 7 మీటర్లు, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17. సరఫరా లేని వేళ అయితే అది సున్నా. ఇప్పుడు ట్యాంకు నుంచి దిగే పైపుకూ, వీధి నుంచి వచ్చే పైపుకూ మధ్య ఎక్కడైనా లింకు ఉంటే 18 మీటర్ల బలం సున్నా మీదికి దూకుతుంది. మీ బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు, ట్యాంకులో పడి చచ్చిన బల్లితో సహా వీధిలోకి వెళ్తాయి.

అలాంటి లింకు ఎవరు పెట్టుకుంటారు అంటారా? చాలామంది. వంటింట్లో ఒకే కుళాయిలో మున్సిపల్ నీళ్లూ, బోరు నీళ్లూ రెండూ రావాలని టీ వేసి మధ్యలో ఒక గేట్ వాల్వు పెట్టిస్తారు. ప్లంబర్లు దాన్ని బైపాస్ అంటారు. ఆ వాల్వు కట్టేయడం ఒక్కసారి మరిచిపోయినా, వాల్వు అరిగి సరిగ్గా మూసుకోకపోయినా మీ ట్యాంకు, వీధి పైపు ఒకటే.

వాళ్లకు అగ్నిప్రమాదం జరిగితే వచ్చే పరిస్థితి, మనకు రోజూ ఉన్నదే

24 గంటలూ నీళ్లు వచ్చే ఊళ్లలో లోపల్నుంచి ఒత్తిడి ఎప్పుడూ బయటికి తోస్తూ ఉంటుంది. పైపుకు చిల్లు పడితే నీళ్లు కారిపోతాయి తప్ప మురుగు లోపలికి రాదు. అక్కడ ఒత్తిడి పడిపోవాలంటే మంటలో, మెయిన్ లైను పగలడమో జరగాలి.

మన దగ్గర సరఫరా రోజుకు గంటో రెండు గంటలో, లేదంటే రోజు విడిచి రోజు. మిగతా సమయమంతా పైపు ఖాళీగానో సగం ఖాళీగానో ఉంటుంది. పక్కనే, కొన్ని చోట్ల పైనే, డ్రైనేజీ లైను. రెండూ పాతవే. సరఫరా ఆగగానే పల్లంలో ఉన్న ఇళ్ల నల్లాల నుంచి నీళ్లు దిగిపోతుంటే ఎత్తులో ఉన్న పైపులో శూన్యం ఏర్పడుతుంది. ఆ శూన్యం దొరికిన చోటు నుంచల్లా లాగుతుంది: జాయింట్ల నుంచి, తుప్పు చిల్లుల నుంచి, తెరిచి వదిలేసిన నల్లాల నుంచి.

ఇది ఊహ కాదు. కర్ణాటకలోని హుబ్బళ్లి-ధార్వాడలో కొన్ని వార్డులకు 24 గంటల సరఫరా ఇచ్చి, మిగతా ఊరికి కొన్ని రోజులకోసారి ఇచ్చే పద్ధతే ఉంచారు. పరిశోధకులు రెండు వైపులా కుళాయి నీళ్లను పరీక్షించారు. ఎప్పుడూ నీళ్లుండే వార్డుల్లో మల సంబంధ బ్యాక్టీరియా ఈ.కోలి కనిపించిన శాంపిళ్లు 1 శాతం లోపే. విడతలుగా వచ్చే చోట దాదాపు 32 శాతం. ఊరు ఒకటే, శుద్ధి చేసిన నీళ్లూ ఒకటే. తేడా అంతా పైపులో ఒత్తిడి ఉందా లేదా అన్నదాని దగ్గరే.

నీళ్లు వదలగానే మొదటి ఐదు పది నిమిషాలు రంగు మారి, వాసనతో రావడం మీరు చూసే ఉంటారు. 'పైపు తుప్పు' అని సర్దిచెప్పుకుంటాం. తుప్పు ఉండొచ్చు. కానీ నీళ్లు లేని గంటల్లో పైపులోకి చేరినది కూడా ముందు బయటికొచ్చేది ఆ నీళ్లతోనే.

2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి కలరా బారిన పడి జనం చనిపోయారు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట, ఆ చుట్టుపక్కల వాడల్లో అతిసారంతో పది మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. రెండు చోట్లా తాగునీళ్లలో మురుగు కలిసింది. రెండూ రెక్కాడితే గానీ డొక్కాడని జనం ఉండే ఇరుకు వాడలు. ఇలాంటి ప్రతి సంఘటన తర్వాతా లీకేజీల లెక్క తీస్తారు, కొన్ని పైపులు మారుస్తారు. అది చేయాల్సిందే. కానీ చిల్లు ఒక్కటే ఉంటే సరిపోదు, ఆ చిల్లు గుండా మురుగును లోపలికి లాగే బలం కూడా కావాలి. ఆ బలాన్ని చాలా వీధుల్లో మనమే ఇస్తున్నాం.

అర హార్స్‌పవర్ మోటారు చేసే పని

నల్లాకు నేరుగా బిగించిన మోటారు ఎలా పనిచేస్తుందో చూడండి. అది నీళ్లను పైకి తోయడానికి ముందు కింది నుంచి లాగాలి. లైనులో నీళ్లు సరిపడా ఉన్నంతసేపు వాటిని లాగుతుంది. మీ వీధిలో పది ఇళ్లలో ఒకేసారి పది మోటార్లు మొదలైతే లైనులో నీళ్లు చాలవు. అయినా మోటారు లాగడం ఆపదు. పైపులో ఒత్తిడి సున్నా కంటే కిందికి పోతుంది. అప్పుడు జాయింటు దగ్గరున్న బురద నీళ్లు లోపలికి రావడానికి నీళ్లు ఆగేదాకా ఎదురుచూడాల్సిన పని లేదు, సరఫరా నడుస్తుండగానే వచ్చేస్తాయి.

చాలామంది ప్లంబర్లు చెప్పని విషయం ఇంకొకటుంది. 'ఎన్‌ఆర్‌వీ పెట్టించాం కదా' అంటారు కొందరు. నాన్ రిటర్న్ వాల్వు నీళ్లను ఒకే దిక్కుకు వదులుతుంది. మీ ఇంటి నీళ్లు వీధిలోకి పోకుండా ఆపుతుంది. మంచిదే. కానీ మీ మోటారు లాగేది ముందుకే, వెనక్కి కాదు. వీధి పైపు చిల్లులోంచి మురుగును మీ మోటారు లాగుతుంటే ఎన్‌ఆర్‌వీ దారిచ్చి పక్కన నిలబడుతుంది. ఆ మురుగు మీ ఇంటికి మాత్రమే వస్తే అది మీ ఖర్మ అనుకోవచ్చు. లైనులో కలిశాక మోటారు లేని ఇళ్లకూ వెళ్తుంది.

హైదరాబాద్ జలమండలి 2025 ఏప్రిల్‌లో 'మోటార్ ఫ్రీ ట్యాప్ వాటర్' పేరుతో తనిఖీలు మొదలుపెట్టి, నల్లాకు మోటారు బిగిస్తే స్వాధీనం చేసుకోవడంతో పాటు 5 వేల రూపాయల జరిమానా అని ప్రకటించింది. అప్పట్లో చర్చంతా లైను చివర ఉన్నవాళ్లకు నీళ్లు అందడం లేదన్నదాని మీదే నడిచింది. అది నిజమే, న్యాయమైన ఫిర్యాదే. కానీ మోటారు పక్కవాళ్ల వాటా నీళ్లు తీసుకోవడంతో ఆగదు, మిగిలిన నీళ్లను పాడు కూడా చేస్తుంది. ఈ రెండో మాట గట్టిగా చెప్పి ఉంటే జనం మోటారును చూసే తీరు మారేదేమో.

మరి మోటారు పెట్టినవాళ్లంతా దుర్మార్గులా? కాదు. రెండు రోజులకోసారి గంటసేపు సన్నగా వచ్చే నీళ్లతో ఐదుగురున్న ఇల్లు నడవదు. ఒకరు మోటారు పెడతారు. పక్కింట్లో ధార సన్నబడుతుంది. వాళ్లూ పెడతారు. ఇలా వీధి చివరికి వెళ్లేసరికి మోటారు లేనివాళ్లకు చుక్క రాదు. ఒత్తిడి లేదని మోటారు పెడతాం, మోటారు పెట్టడం వల్ల ఒత్తిడి పోతుంది. జరిమానాతో ఈ చుట్టు తెగదు. సరఫరా మెరుగుపడని వీధిలో స్వాధీనం చేసుకున్న మోటారు స్థానంలో వారానికి కొత్తది వస్తుంది. మోటార్లు పట్టుకున్న వీధికి ఆ వారమే పూర్తి ఒత్తిడితో నీళ్లు ఇచ్చి చూపిస్తే తప్ప ఎవరూ నమ్మరు.

డబ్బున్నవాళ్లు మోటారు పెట్టుకుంటే, మోటారు కొనలేని వాళ్లు గుంత తవ్వుకుంటారు. నల్లాను నేల మీద నుంచి రెండు మూడు అడుగులు కిందికి దింపితే కాస్త నీళ్లు ఎక్కువొస్తాయి. బస్తీల్లో, పాత వాడల్లో గేటు పక్కన రాయి మూత తీస్తే కనిపించేవి ఇవే. వానకు ఆ గుంత నిండుతుంది. గిన్నెలు కడిగిన నీళ్లూ అందులోకే. నల్లా మూతి మునుగుతుంది. సరఫరా ఆగగానే ఏమవుతుందో హోలీ క్రాస్ జట్టు కథలో చదివారు. తేడా ఏమిటంటే అక్కడ ఓ ఇల్లు తగలబడాల్సి వచ్చింది. ఇక్కడ లైన్‌మన్ వాల్వు కట్టేస్తే చాలు.

మీ ఇంట్లో ముందు సంపు మూత తీసి చూడండి

మనం విసుక్కునే సంపే నిజానికి వీధి నీళ్లకు మంచి రక్షణ. ఒక షరతు మీద. వీధి నుంచి వచ్చే పైపు మూతి సంపులో నీళ్లు ఎంత నిండినా వాటిని తాకకూడదు. మూతికీ, నీటి మట్టానికీ మధ్య గాలి ఉండాలి. దీన్ని ఎయిర్ గ్యాప్ అంటారు. ప్లంబింగ్‌లో వాడే లెక్క ప్రకారం ఈ ఖాళీ పైపు వ్యాసానికి రెట్టింపు ఉండాలి, ఎంత సన్న పైపైనా అంగుళానికి తగ్గకూడదు. అంగుళం పైపైతే రెండు అంగుళాలు. గాలిని దాటుకుని నీళ్లు వెనక్కి వెళ్లలేవు. ఇందులో చెడిపోయే స్ప్రింగు లేదు, ఇరుక్కునే వాల్వు లేదు, కరెంటు అక్కర్లేదు.

చాలా ఇళ్లలో జరిగేది వేరు. నీళ్లు పడే చప్పుడు రాకూడదనో, బాల్ వాల్వు మీద చిమ్మకూడదనో పైపును సంపు అడుగుదాకా దించేస్తారు. సంపు నిండితే పైపు మూతి నాలుగైదు అడుగుల నీళ్ల కింద ఉంటుంది. సరఫరా ఆగి వీధి లైను ఖాళీ అవుతుంటే మీ సంపులోని నీళ్లు వెనక్కి నడుస్తాయి. సాయంత్రం నిండిన సంపు తెల్లారేసరికి అరడుగు తగ్గితే పగులు ఉందనుకుని మేస్త్రీని పిలుస్తారు. పగులు కావచ్చు, కాకపోవచ్చు. ముందు పైపు మూతి ఎక్కడుందో చూడండి. మూతను సంపు పైకప్పుకు దగ్గరగా కోయించి, దానికి బాగా దిగువనే నీళ్లు ఆగేలా బాల్ వాల్వు సెట్ చేయించడం ప్లంబర్‌కు గంట పని.

ఇంకో పరీక్ష మీరే చేయొచ్చు. నీళ్లు రాని వేళ, పైన ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, వీధి లైను నుంచి నేరుగా వచ్చే నల్లా తిప్పండి. కాసిన్ని కారి ఆగిపోతే సరే. ధారగా వస్తూనే ఉంటే అవి మున్సిపల్ నీళ్లు కావు, మీ ట్యాంకువి. అంటే ఎక్కడో బైపాస్ ఉంది. ఆ ట్యాంకే మీ వీధికీ నీళ్లిస్తోందన్నమాట. బైపాస్‌ను కట్టేస్తే చాలదు, కోసి విడదీయించాలి. రెండు రకాల నీళ్లూ కావాలంటే రెండు కుళాయిలు పెట్టించుకోండి.

గొట్టాల సంగతి మామూలుగా కనిపిస్తుంది కానీ ప్రమాదంలో చిన్నది కాదు. వీధి నల్లాకు గొట్టం తగిలించి డ్రమ్ములో ముంచేసి వెళ్లిపోవడం మన అందరి అలవాటు. డ్రమ్ములో బట్టలు నానుతుంటే ఆ నీళ్లే. మొక్కలకు మందు కలిపిన బకెట్ అయితే ఆ మందే. గొట్టం కొస నీటి మట్టానికి పైన కట్టి వదలండి. బాత్రూం హ్యాండ్ స్ప్రే సాధారణంగా పైట్యాంకు లైనుమీద ఉంటుంది కాబట్టి వీధికి వచ్చే ముప్పు తక్కువ. నేరుగా మున్సిపల్ లైను మీద ఉన్న ఇళ్లలో మాత్రం దాన్ని బకెట్లో మునిగేలా వదలకూడదు.

ఇక ఎన్‌ఆర్‌వీ. ఇత్తడిది కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, మీటరు తర్వాత పెట్టించుకోండి. కానీ ఇసుక రేణువు ఇరుక్కుంటే అది తెరుచుకునే ఉంటుంది, బయటికి తెలియదు. అందుకే దాన్ని ఎయిర్ గ్యాప్‌కు తోడుగా చూడాలి, బదులుగా కాదు.

వరదొస్తే ఈ జాగ్రత్తలన్నీ కొట్టుకుపోతాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంపుకు విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మీటరు గుంతలు, సంపులు అన్నీ వరద నీళ్ల కిందే ఉన్నాయి. అలాంటప్పుడు గాలి ఖాళీ అంటూ ఏదీ మిగలదు. నీళ్లు తీశాక సంపు కడిగి, బ్లీచింగ్‌తో శుభ్రం చేసి, లైను నీళ్లు కాసేపు బయటికి వదిలి ఆ తర్వాతే నింపుకోవాలి.

ఎస్‌టీపీ ఉన్న అపార్ట్‌మెంట్ వాళ్లకు ఒక మాట

పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో మురుగును శుద్ధి చేసి ఫ్లష్‌కూ, మొక్కలకూ వాడతారు. మంచి పని. దాని అర్థం మీ గోడల్లో రెండు రకాల పైపులు పక్కపక్కనే నడుస్తున్నాయని. రెండూ ఒకే రంగు పీవీసీ అయితే కొత్తగా వచ్చిన ప్లంబర్ ఒక లీకు సరిచేస్తూ దేన్ని దేనికి కలుపుతాడో ఎవరు చూడాలి?

ఫిన్లాండ్‌లో నోకియా అనే చిన్న పట్టణం ఉంది. మీరు ఒకప్పుడు వాడిన ఫోన్‌కు ఆ పేరు వచ్చింది అక్కడి నుంచే. 2007 నవంబరు 28న అక్కడి మురుగు శుద్ధి కేంద్రంలో పనులు చేస్తూ ఒక వాల్వు తెరిచారు. శుద్ధి చేసిన మురుగు నీళ్ల లైనుకూ తాగునీటి లైనుకూ మధ్య ఉండకూడని లింకు అది. నాలుగు లక్షల లీటర్లకు పైగా ఆ నీళ్లు ఊరి తాగునీటిలో కలిశాయి. వేల మంది వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. సాంకేతికతలో ఆ దేశం వెనకబడి లేదు. రెండు పైపుల మధ్య ఒక వాల్వు ఉంటే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు దాన్ని తిప్పుతారు.

అమెరికాలో శుద్ధి చేసిన మురుగు నీళ్లకు ఊదా రంగు పైపు వాడతారు. మీ అసోసియేషన్ మీటింగులో అడగండి: మన ఎస్‌టీపీ పైపుల రంగు ఏమిటి? ప్లంబింగ్ డ్రాయింగులు ఎవరి దగ్గరున్నాయి? ఎస్‌టీపీ ట్యాంకులో నీళ్లు తగ్గినప్పుడు మంచి నీళ్లతో నింపే లైనుకు ఎయిర్ గ్యాప్ ఉందా? మూడో ప్రశ్నకు ఫెసిలిటీ మేనేజర్ తడబడితే ఆ రోజే వెళ్లి చూడండి.

ఎవరు తనిఖీ చేయాలి

బ్రిటన్‌లో 1999 నుంచి నీటి ఫిట్టింగుల మీద ప్రత్యేక నిబంధనలున్నాయి. ఇంట్లో, ఆస్పత్రిలో, ఫ్యాక్టరీలో ఉండే ద్రవాలను ప్రమాదాన్ని బట్టి ఐదు తరగతులుగా విడగొట్టారు. ఏ తరగతికి ఎలాంటి రక్షణ ఉండాలో ముందే రాసిపెట్టారు. అమెరికాలో చాలా పట్టణాల్లో ఇంటి లాన్‌కు స్ప్రింక్లర్ ఉంటే దానికి బ్యాక్‌ఫ్లో పరికరం తప్పనిసరి. డాలస్ వైపు ఇల్లు కొనుక్కున్న మన వాళ్లలో కొందరికి దాన్ని పరీక్ష చేయించమంటూ నీటి విభాగం నుంచి వచ్చే నోటీసు తెలిసే ఉంటుంది.

అక్కడా తప్పులు జరుగుతాయి. 2016 డిసెంబరులో టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీలో ఒక పరిశ్రమ ప్రాంగణం నుంచి తారు తయారీలో వాడే రసాయనం వెనక్కి పారి నగర లైనులో కలిసి ఉండొచ్చని తేలింది. మూడు లక్షలకు పైగా జనాన్ని నల్లా నీళ్లు తాగొద్దనీ, కాచినా లాభం లేదనీ హెచ్చరించారు. దాదాపు నాలుగు రోజులు ఊరంతా సీసా నీళ్ల మీద బతికింది.

మన దగ్గర ఇళ్ల కంటే ముందు చూడాల్సినవి ఇలాంటి చోట్లే. ఆస్పత్రులు, మార్చురీలు, ల్యాబ్‌లు, రంగుల అద్దకం యూనిట్లు, కార్ వాష్‌లు, వీధి లైనును ఆనుకుని ఉన్న చిన్న పరిశ్రమలు. మున్సిపాలిటీలకు సిబ్బంది తక్కువన్నది నిజం. ఊరంతా ఒకేసారి తిరగలేరు. కానీ ఒక వార్డులో ఇలాంటివి ఇరవయ్యో ముప్పయ్యో ఉంటాయి. వాటి కనెక్షన్ల దగ్గర ఏడాదికోసారి చూసిరావడం అసాధ్యమేమీ కాదు. కొత్త ఇంటికి కనెక్షన్ ఇచ్చే రోజు సంపులో పైపు మూతిని చూసి సంతకం పెట్టడం ఇంకా తేలిక. ఎందుకంటే ఎలాగూ ఎవరో ఒకరు అక్కడికి వెళ్తారు.

అసలు మందు 24 గంటల సరఫరా. ఒడిశాలోని పూరీ 2021 జులైలో నగరమంతా అన్ని వేళలా నల్లా నుంచే తాగే నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అది నీళ్లు ఎక్కువిచ్చిన కథ అనుకుంటారు. పైపులో ఒత్తిడి ఎప్పుడూ నిలబెట్టిన కథ. అది మనకు వచ్చేదాకా మిగిలినవన్నీ తాత్కాలిక ఏర్పాట్లే. అలాగని వాటిని వదిలేయలేం.

'మాకు ఆర్‌ఓ ఉంది కదా'

ఈ మాట చదువరుల్లో సగం మంది ఇప్పటికే అనుకుని ఉంటారు. ఆర్‌ఓ వంటింట్లో ఒక కుళాయికే ఉంటుంది. పళ్లు తోముకునేది, పసివాళ్లకు స్నానం చేయించేది, కూరగాయలు కడిగేది మామూలు నీళ్లతోనే. పైగా మీ బైపాస్ నుంచి వీధిలోకి వెళ్లిన నీళ్లు చేరేది మీ ఆర్‌ఓకు కాదు. లైను చివర రేకుల ఇంట్లో నేరుగా బిందె పెట్టి పట్టుకునే వాళ్లకు.

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం వినియోగదారుడి దగ్గర నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరోస్కోప్ కిట్‌తో రెండు నిమిషాల్లో తెలుస్తుంది, అసోసియేషన్‌కు ఒకటి ఉంటే చాలు. సంపులో కాదు, వీధి నల్లా దగ్గరే పట్టి చూడాలి. ఎప్పుడూ ఉండే క్లోరిన్ ఒక్కసారిగా మాయమైతే ఏదో మురికి దాన్ని తినేసిందని అర్థం. క్లోరిన్ ఉన్నంత మాత్రాన నిశ్చింత కాదు, రసాయనాల మీద దానికి పట్టు లేదు.

ఒక రోజు నీళ్లు వాసనతో వచ్చాయనుకోండి. ముందు సంపులోకి వెళ్లే వాల్వు కట్టేయండి. సంపులోకి చేరితే ఒక రోజు సమస్య వారం సమస్య అవుతుంది. అటూ ఇటూ రెండు ఇళ్ల వాళ్లను అడగండి. మీ ఇంట్లోనే అయితే తప్పు మీ బైపాస్‌దో సంపుదో కావచ్చు, వరసగా నాలుగిళ్లలో అయితే వీధిది. తాగే నీళ్లను బాగా తెర్లే దాకా కాచి మరో నిమిషం ఉంచండి. పెట్రోలో, మందుల వాసనో వస్తే కాచి కూడా తాగొద్దు.

ఫిర్యాదులో 'నీళ్లు బాలేవు' అని మాత్రమే రాస్తే లైన్‌మన్ వచ్చేసరికి తేట నీళ్లు వస్తుంటాయి, కేసు మూసేస్తారు. ఎన్ని గంటలకు వదిలారు, ఎంతసేపు రంగుగా వచ్చాయి, ఏ ఇంటి నుంచి ఏ ఇంటి దాకా వచ్చాయి, ఆ సమయంలో వీధిలో మోటార్లు నడుస్తున్నాయా అన్నది రాయండి. గాజు సీసాలో మొదటి నీళ్లు పట్టి ఫొటో తీయండి. హైదరాబాద్‌లో జలమండలి నంబరు 155313, బిల్లు మీదున్న క్యాన్ నంబరు దగ్గర పెట్టుకోండి. మిగతా ఊళ్లలో మున్సిపల్ ఇంజినీరింగ్ విభాగానికీ, వార్డు సచివాలయం ఉన్న చోట అక్కడా రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. సంపు వాల్వు మాత్రం వీధి నల్లాలో నీళ్లు తేటగా, క్లోరిన్‌తో వచ్చేదాకా తెరవొద్దు.